నిమ్మకు పూత: మైనం నుంచి బంక దాకా

మార్కెట్లకు నిమ్మ వెల్లువలా వచ్చినప్పుడు ధర పడిపోతుంది. నాలుగు రోజులు ఆపుదామంటే కాయ వడలుతుంది. దీనికి విరుగుడుగా ఇప్పుడు మొక్కల నుంచి తీసే తినదగ్గ పూతల మాట వినిపిస్తోంది. ఆలోచన మాత్రం పాతదే. 12, 13 శతాబ్దాల్లోనే చైనాలో నారింజ, నిమ్మలకు మైనం పూసేవారు. తేమ పోవడం ఆగింది, దాంతోపాటు కాయకు ఊపిరీ ఆడలేదు. లోపల పులిసిపోయేది. పూతల చరిత్రంతా ఈ రెంటి మధ్య పేచీయే.

1922 ప్రాంతంలో అమెరికాలో మైనపు పూత వ్యాపారంగా మొదలైంది. కడిగితే కాయ మీది సహజ మైనం కొంత పోతుంది, దాని బదులే ఈ పూత. మన దగ్గర మైసూరులోని ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ మైనపు ఎమల్షన్ (మైనం సన్నని బొట్లుగా నీటిలో కలిసిన ద్రవం) తయారుచేసింది. పెట్రోలియం నుంచి వచ్చే మైనం పారఫిన్‌పై అనుమానాలు పెరిగాక, బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకుల మైనం కార్నౌబాకు గిరాకీ వచ్చింది. లక్క నుంచి తీసే షెల్లాక్‌నూ వాడతారు గానీ అది పురుగు సరుకు, రొయ్య పెంకు నుంచి వచ్చే కైటోసాన్ కూడా మొక్కది కాదు. 2005లో స్పెయిన్ పరిశోధకులు ద్రాక్షకు కలబంద గుజ్జు పూసి చూపాక జిగురు పూతలపై ఆసక్తి పెరిగింది.

అసలు మెలిక ఇక్కడే. బంక, కలబంద, గంజి ఆక్సిజన్‌ను కొంత అడ్డుకుంటాయి కాబట్టి కాయ త్వరగా పసుపెక్కదు. కానీ అవి నీటిని ఇష్టపడే పదార్థాలు, ఆవిరిని ఆపలేవు. బరువు దాదాపు 5 శాతం తగ్గితే చాలు, తొక్క ముడతలు తేలుతుంది. అందుకే ఒట్టి బంకపూత నిమ్మకు చాలదు, అందులో మైనమో నూనో ఎమల్షన్‌గా కలవాలి. కార్నౌబా 82 డిగ్రీలు దాటితే గాని కరగదు, ఇంట్లో గరిటెతో కలిపితే గడ్డలు కడుతుంది. ఆహారానికి పనికొచ్చే తయారీ ఎమల్షన్ కొనడమే మేలు.

బంకపూత వరకు పరిశోధనల్లో వాడే పాళ్లు ఇవి, మైనం ఎమల్షన్ దీనికి అదనం: లీటరు గోరువెచ్చని నీటికి 100 గ్రాముల గమ్ అరబిక్ (ఒక తుమ్మజాతి చెట్టు బంక), 10 గ్రాముల గ్లిజరిన్. గ్లిజరిన్ లేకపోతే పొర పగుళ్లిస్తుంది. మన నల్లతుమ్మ బంక వేరే సరుకు, దాన్ని దీనికి బదులుగా లెక్కేయొద్దు. పలచటి గుడ్డలో వడకట్టి, చల్లార్చి, కాయలను నిమిషం ముంచి, ఫ్యాను గాలికి పూర్తిగా ఆరనివ్వాలి. తడితో బస్తాకెత్తితే బూజు ఖాయం. పూత మందమైతే చైనా మైనం గతే, ఆల్కహాలు వాసన.

ఆకుపచ్చ బూజు గాయాల్లోంచే దిగుతుంది, పూత దాన్ని చంపదు. మంచు ఆరాక, తొడిమ ఊడకుండా కోయాలి. పూత పడ్డాక కాయ నిగనిగలాడుతుంది, చిన్న గాట్లు కంటికి ఆనవు. ఏరివేత ముంచకముందే అయిపోవాలి.