వీధి చివర ఖాళీ జాగా: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో కాలనీల ఖాళీ జాగాలు బాగుచేసే పనిలో ఉన్నాను. ఎక్కడ మీటింగ్ పెట్టినా, తెలుగులో అయినా ఒడియాలో అయినా, అవే మాటలు వినిపిస్తాయి, అందుకే ఒకసారి రాసి పడేస్తున్నా.

అపోహ: "అది ఎవరిదీ కాదు, చెత్త పడేసే జాగా."

వాస్తవం: ఎవరిదీ కాని జాగా అంటూ ఉండదండీ. భూలేఖ్‌ అనే ఒడిశా భూమి రికార్డుల సైట్‌లో ప్లాట్ నంబర్ కొట్టండి, ఖాతా ఎవరిదో కిసం (అంటే భూమి రకం) ఏంటో వచ్చేస్తుంది. రఖిత (రిజర్వు చేసి ఉంచింది) అనో సర్వసాధారణ (అందరి వాడకానికి) అనో ఉంటే సర్కారీ జాగానే, కానీ పార పట్టుకునే ముందు ఓ అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. ప్రైవేటు పట్టా అని తేలితే దండం పెట్టి వచ్చేయడమే.

అపోహ: "పార్కు జాగా అయినా పైవాళ్లు తలుచుకుంటే ఎవరికైనా ఇచ్చేస్తారు, మనమేం చెయ్యగలం?"

వాస్తవం: బెంగళూరులో అలాగే పార్కు జాగాని ప్రైవేటు నర్సింగ్ హోంకి ఇస్తే అక్కడి జనం కోర్టుకెళ్లారు, 1991లో సుప్రీంకోర్టులో గెలిచారు.

అపోహ: "ముందు ప్రహరీ, గేటు, తాళం. మిగతావి తర్వాత."

వాస్తవం: ఈ తప్పు నేనే చేశాను. మొదట్లో ఒక జాగాకి వచ్చిన డబ్బంతా గోడకే పెట్టేశాం, తాళంచెవి ఒక పెద్దాయన దగ్గర ఉండేది, ఆయన ఊరెళ్తే గేటు తీసేవాళ్లు లేరు, ఆరు నెలలకి లోపల ఎవరివో ఇసక, ఇటుకలు. గోడ కాదు, ముందు కావాల్సింది కూర్చునే చోటు. న్యూయార్క్‌లో విలియం వైట్ అనే పరిశోధకుడు 1970ల్లో బహిరంగ స్థలాల్లో కెమెరాలు పెట్టి మరీ చూసి చెప్పింది ఒక్క ముక్క, కూర్చోడానికి చోటున్న దగ్గరే జనం కూర్చుంటారు. వినడానికి నవ్వొస్తుంది గానీ మన పార్కుల్లో బెంచీలు లెక్కపెట్టి చూడండి.

అపోహ: "తోపుడు బళ్లవాళ్లని తీసేస్తేనే శుభ్రం."

వాస్తవం: సాయంత్రం మిక్చర్ బండి లైటు ఉంది కాబట్టే ఆడవాళ్లు ఎనిమిది దాకా కూర్చుంటున్నారు, ఆ బండి పోతే చీకటి, చీకట్లో సీసాలు. పైగా 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే అయ్యి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా వాళ్లని లేపకూడదు, వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్లు ఎన్నుకున్న వాళ్లే ఉండాలి. మీటింగ్‌కి వాళ్లనీ పిలవండి, చెత్త డబ్బా ఎక్కడ పెట్టాలో వాళ్లకే బాగా తెలుసు.

అపోహ: "చిన్న గుడి కట్టేస్తే ఎవడూ ఆక్రమించడు."

వాస్తవం: అదీ ఆక్రమణే. పబ్లిక్ జాగాల్లో ఏ మతం పేరుతోనూ కొత్తగా కట్టొద్దని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. ఈ మాట అన్నందుకు నాకు టీ ఇవ్వని ఇళ్లున్నాయి.

అపోహ: "డ్రాయింగ్, ఎస్టిమేట్ లేకుండా ఏదీ మొదలవ్వదు."

వాస్తవం: రెండేళ్లకోసారి మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రకి దేశిబెహరా వీధిలో అమ్మవారికి తాత్కాలికంగా గుడి వేస్తాం, అయిపోయాక తీసేస్తాం, అలా వేసి చూడటం మనకేం కొత్త కాదు కదా. మొన్న ఒక చోట ముగ్గుపిండితో గీతలు గీసి, టెంట్ హౌస్ కుర్చీలు పది రోజులు అద్దెకి తెచ్చి వేపచెట్టు కింద వేశాం. మూడోరోజుకే ముసలాళ్లు కుర్చీలన్నీ కుళాయి పక్కకి లాక్కెళ్లిపోయారు, నీడ లేకపోయినా ఫర్లేదట, అక్కణ్ణుంచి బస్సు దిగేవాళ్లు కనిపిస్తారట. సిమెంటు బెంచీలు అక్కడే పోశాం.