కలకత్తా డిసెంబర్ రాత్రులు: వేదిక దక్కింది, పేరు దక్కలేదు

2024 డిసెంబర్ 30న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఒక ప్రకటన చేశారు. ఉత్తర కోల్‌కతా హాతీబగాన్‌లో ఉన్న స్టార్ థియేటర్ ఇక మీదట బినోదినీ థియేటర్ అని. రెండు రోజుల్లో కొత్త సంవత్సరం. పార్క్ స్ట్రీట్ అంతా దీపాల తోరణాలు, జనం. ఆ సందడిలో ఇది చిన్న వార్తే. కానీ స్టార్ మొదట కట్టినప్పుడే దానికి తన పేరు పెడతారని 1883లో ఒక నటి నమ్మింది. ఆమే బినోదినీ దాసి. ఆ మాట నిలబడడానికి 141 ఏళ్లు పట్టింది.

ఇంత ఆలస్యం ఎందుకైందో అర్థం కావాలంటే, ఆ ఊళ్లో డిసెంబర్ అంటే ఏమిటో ముందు తెలియాలి. క్రిస్మస్‌ను బెంగాలీలు 'బొడోదిన్' అంటారు, అంటే పెద్ద రోజు. 1911 వరకు కలకత్తా దేశ రాజధాని. ఎండాకాలమంతా సిమ్లాలో గడిపిన వైస్రాయ్ కొలువు చలికాలానికి కిందికి దిగేది. గుర్రప్పందాలు, విందులు, ఓడలెక్కి వచ్చే విదేశీ నాటక కంపెనీలు, అన్నీ ఆ రెండు మూడు నెలల్లోనే. కరెంటు ఫ్యాన్లు లేని కాలంలో, కిక్కిరిసిన హాల్లో నాలుగు గంటలు కూర్చోగలిగేది కూడా అప్పుడే.

బెంగాలీ నాటకం తారీఖులు చూస్తే ఈ చలికాలం లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. లెబెదెవ్ అనే రష్యన్ సంగీతకారుడు బెంగాలీ నటీనటులతో తొలిసారి తెర కట్టి నాటకం ఆడించింది 1795 నవంబర్ 27న. టికెట్ పెట్టి అందరినీ రానిచ్చిన నేషనల్ థియేటర్ మొదటి ఆట 1872 డిసెంబర్ 7న. నీలిమందు దొరల దౌర్జన్యం మీద దీనబంధు మిత్ర రాసిన 'నీల్ దర్పణ్' ఆడారు. ఆ మరుసటి ఏడాది డిసెంబర్ 31న గ్రేట్ నేషనల్ థియేటర్ తెరిచారు. మొదటి రాత్రే వేదిక మీద మంటలు అంటుకున్నాయి. తర్వాత ఆ స్థలంలోనే 1893లో మినర్వా లేచింది. అక్కడ నటుడు, నాటకకర్త గిరీశ్ చంద్ర ఘోష్ బొడోదిన్ కోసమే ఆటపాటలతో, వెక్కిరింతలతో చిన్న ప్రదర్శన ఒకటి రాశారు. దాని పేరు 'బొడోదినేర్ బక్షీష్'. మన మాటల్లో చెప్పాలంటే, పెద్ద పండగ మామూలు. మన సంక్రాంతి సినిమాల్లాగే పండక్కి ప్రత్యేకంగా ఒక ఆట కావాలని జనం అప్పటికే అడుగుతున్నారు.

ఆ సీజన్లోనే ఒక పెద్ద దెబ్బ కూడా తగిలింది. 1875 డిసెంబర్‌లో వేల్స్ యువరాజు కలకత్తా వచ్చాడు. జగదానంద ముఖర్జీ అనే వకీలు ఆయన్ని ఇంటికి పిలిచి, అంతఃపుర స్త్రీలతో స్వాగతం చెప్పించాడు. ఊరు భగ్గుమంది. గ్రేట్ నేషనల్ వాళ్లు దాని మీద 'గజదానంద' అని ప్రహసనం కట్టారు. పోలీసులు ఆపేశారు. 1876లో నాటక ప్రదర్శనల నియంత్రణ చట్టం వచ్చింది. ఒక పండగ సీజన్ వెక్కిరింత వల్ల పుట్టిన ఈ చట్టం దేశంలో మిగతా భాషల నాటకాలను కూడా పట్టుకుంది. తెలుగు నాటకాలు కూడా దాని కిందికే వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా 70 ఏళ్లు అది చట్టాల పుస్తకంలోనే ఉంది.

ఇక ఆడవాళ్ల సంగతి. మన దగ్గర స్థానం నరసింహారావు సత్యభామగా మెప్పించిన రోజులకు ఎంతో ముందే, 1873లోనే, కలకత్తా బెంగాల్ థియేటర్ నలుగురు స్త్రీలను నటులుగా తీసుకుంది. వాళ్లు వచ్చింది వేశ్యవాడల నుంచి. 'మంచి' ఇళ్ల ఆడవాళ్లు ఎవరూ ముందుకు రాని కాలం. చూడ్డానికి మాత్రం పెద్దింటి మగవాళ్లంతా వచ్చేవాళ్లు. అదే వాడల నుంచి వచ్చిన బినోదినీ దాసి 1874లో, ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడు, వేదిక ఎక్కింది. కొన్నేళ్లలోనే గిరీశ్ ఘోష్ నాటకాలకు ఆమే ప్రాణమైంది. గుర్ముఖ్ రాయ్ అనే వ్యాపారి బినోదిని తనకు దక్కితేనే కొత్త థియేటర్ కట్టిస్తానన్నాడు. తోటి నటులు బతిమాలారు. ఆమె ఒప్పుకుంది. తన పేరులోని మొదటి అక్షరంతో 'బి థియేటర్' అని పెడతామన్నారు. రిజిస్ట్రేషన్ నాటికి అది స్టార్ అయింది. ఒక వేశ్య పేరు బోర్డు మీద ఉంటే జనం రారని భయం. తన ఆత్మకథలో ఆమె ఈ బాధను దాచుకోలేదు. చదువుతుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. 1884లో రామకృష్ణ పరమహంస వచ్చి ఆమె చైతన్యుడి వేషం చూసి ఆశీర్వదించారు. ఆ తర్వాత మూడేళ్లు తిరక్కుండానే, పాతికేళ్లు కూడా నిండకముందే, ఆమె వేదిక దిగిపోయింది.

ఉత్తరాన నాటకం ఇలా నడుస్తుంటే, ఊరి మధ్యన చౌరంగీలో తెల్లవాళ్ల రాత్రులు వేరుగా ఉండేవి. ఇటలీ నుంచి వచ్చిన ఏంజెలో ఫిర్పో 1917లో పెట్టిన ఫిర్పోస్ రెస్టారెంట్, గ్రాండ్ హోటల్, గ్రేట్ ఈస్టర్న్: బాల్ డాన్సులు, జాజ్, క్యాబరే ఉండేది వీటిలోనే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఊరు విదేశీ సైనికులతో నిండిపోయింది. టెడ్డీ వెదర్‌ఫోర్డ్ అనే అమెరికన్ పియానో విద్వాంసుడు గ్రాండ్‌లో వాయించేవాడు. 1945లో కలరా సోకి ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. 1943 కరువులో గంజి కోసం వచ్చిన పల్లె జనం ప్రాణాలు వదిలింది కూడా ఈ వీధుల్లోనే. ఆ కరువు మీద 1944లో శ్రీరంగం అనే హాల్లో 'నవాన్న' నాటకం ఆడారు. శ్రీరంగం పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

స్వాతంత్ర్యం తర్వాత దొరలు వెళ్లిపోయారు గానీ పాట ఆగలేదు. 1956లో పార్క్ స్ట్రీట్‌లో మొకాంబో అనే రెస్టారెంట్ తెరిచారు. పామ్ క్రెయిన్ అక్కడ పాడేది. దగ్గర్లోనే ట్రింకాస్, బ్లూ ఫాక్స్, మూలాఁ రూజ్. 1969లో పట్టుచీర కట్టుకుని ట్రింకాస్‌లో మైకు పట్టుకున్న ఉష అయ్యర్, తర్వాత దేశానికంతటికీ తెలిసిన ఉషా ఉతుప్. అదే కాలంలో ఉత్తరాన హాళ్లు కూడా కిటకిటలాడాయి. గురు, శని, ఆదివారాల్లో ఆటలు, సెలవు రోజున రెండేసి ఆటలు. ఉత్పల్ దత్ బొగ్గుగని ప్రమాదం మీద రాసి ఆడించిన 'అంగార్' నాటకం మినర్వాలో 1959 డిసెంబర్ 31న మొదలైంది. ఊళ్లో ఒక పక్క కొత్త సంవత్సరం బెలూన్లు పేలుతుంటే, ఇంకో పక్క జనం టికెట్ కొని గనిలో నీళ్లు ముంచెత్తే దృశ్యం చూశారు. ఆ ఊరు అంటే నాకు గౌరవం పెరిగింది ఇలాంటి వాటి వల్లే.

ఈ రెండు కలకత్తాలనూ కలిపిన మనిషి మిస్ షెఫాలీ. అసలు పేరు ఆరతీ దాస్. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకుల బిడ్డ. ఒక ఆంగ్లో ఇండియన్ ఇంట్లో పనిపిల్లగా ఉండి, అక్కడి పార్టీల్లో డాన్సులు చూసి నేర్చుకుంది. పదమూడేళ్లు అటూ ఇటూగా ఉన్నప్పుడే ఫిర్పోస్‌లో నాట్యకత్తె అయింది. బెంగాలీ అమ్మాయి క్యాబరే చేయడం అప్పటికి వినని మాట. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టింది ఆ డాన్సే. సత్యజిత్ రాయ్ ఆమెను రెండు సినిమాల్లో తీసుకున్నారు. 1970ల్లో విశ్వరూప థియేటర్ 'చౌరంగీ' నాటకంలోకి ఆమెను పిలిచింది. విశ్వరూప మరేదో కాదు, 'నవాన్న' ఆడిన ఆ శ్రీరంగమే. ఆమె వచ్చాక మిగతా హాళ్లూ క్యాబరే డాన్సు పెట్టడం మొదలుపెట్టాయి. పోస్టర్ మీద పెద్దలకు మాత్రమే అనే అక్షరాలు వచ్చాయి.

అప్పుడు మొదలైంది 'అపసంస్కృతి' అన్న గొడవ. వామపక్షాలు, సంప్రదాయవాదులు ఈ ఒక్క విషయంలో ఒకే మాట మీద ఉన్నారు. 1980ల్లో ఉషా ఉతుప్ పాటను కూడా అపసంస్కృతి అని మంత్రి జతిన్ చక్రవర్తి ప్రభుత్వ హాళ్లు ఇవ్వనన్నారు. ఆమె కోర్టుకెళ్లి నెగ్గింది. షెఫాలీ లాంటి వాళ్లకు కోర్టుకు వెళ్లే స్తోమత ఎక్కడిది? నాటకం పడిపోవడానికి కారణం క్యాబరే డాన్సులే అని చాలామంది రాశారు. నేను ఒప్పుకోను. నక్సలైట్ రోజుల భయం, గంటల తరబడి కరెంటు కోతలు, ఊరొదిలిన కంపెనీలు, వినోద పన్ను, ఇంటింటికీ వచ్చిన టీవీ, ఇన్ని కారణాలున్నాయి. నేరం మాత్రం పొట్టి గౌను వేసుకున్న అమ్మాయి మీద మోపారు. 1991లో స్టార్ కాలిపోయింది. తర్వాత విశ్వరూప, రంగమహల్ కూడా మంటల పాలయ్యాయి. బ్లూ ఫాక్స్ ఉన్న చోట మెక్‌డొనాల్డ్స్ వచ్చింది.

మిగిలినవి లేకపోలేదు. నాందీకార్ అనే నాటక సంస్థ 1984 నుంచి డిసెంబర్‌లో జాతీయ నాటకోత్సవం జరుపుతోంది. బొడోదిన్ రాత్రి దాని చివరి రోజు. ట్రింకాస్‌లో ఇప్పటికీ పాట వినిపిస్తుంది. 2011 నుంచి ప్రభుత్వమే పార్క్ స్ట్రీట్‌లో క్రిస్మస్ పండగ చేస్తోంది. స్టార్‌ను నగరపాలక సంస్థ మళ్లీ కట్టింది. ఇప్పుడు బినోదిని పేరున్నది దాని మీదే. అయితే ఆమె ఆడిన స్టార్ బీడన్ స్ట్రీట్‌లో ఉండేది. హాతీబగాన్ హాలు తెరిచింది 1888లో, అప్పటికే ఆమె నటన మానేసింది.

షెఫాలీ 2020 ఫిబ్రవరి 6న సోదేపూర్‌లో గుండెపోటుతో పోయింది. చివరి రోజుల్లో ఆమెకు డబ్బుకు ఇబ్బంది ఉండేది. ఆమె నాట్యం చేసిన ఫిర్పోస్ ఎప్పుడో దుకాణాల మార్కెట్ అయిపోయింది.