లేపాక్షి పైకప్పు మీది చీరలు

పిల్లలూ,

లేపాక్షి వెళ్లినవాళ్లు చాలామంది వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి, ఇటు నుంచి అటు లాగి, ఫోటో దిగి వచ్చేస్తారు. మీరూ ఆ పని చేయండి, సరదాగానే ఉంటుంది. కానీ వెంటనే తల పైకెత్తండి. ఆ మండపం పైకప్పు మీద దాదాపు 500 ఏళ్ల నాటి బొమ్మలున్నాయి. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలుతున్నప్పుడు విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన వీరభద్రస్వామి గుడి అది.

ఆ బొమ్మల్లోని కథ పార్వతీ కల్యాణమా, వేటగాడి వేషంలో వచ్చిన శివుడితో అర్జునుడు పోరాడిన కిరాతార్జునీయమా అని తర్వాత అడుగుదురుగానీ, ముందు ఒక్క ఆడమనిషి బొమ్మ ఎంచుకుని ఆమె చీర మాత్రమే చూడండి. సన్నటి నల్లగీత ఒకటి నడుము దగ్గర మొదలై కుచ్చెళ్ల మీదుగా పాదాల దాకా దిగుతుంది, పైన కొంగు చివరేమో గంజి పెట్టినట్టు బిరుసుగా, కోసుగా పక్కకు నిలబడి ఉంటుంది. లోపల చారలు, గళ్లు, పువ్వులు. పక్కపక్కన నిలబడ్డవాళ్ల చీరలు కూడా చాలాచోట్ల ఒక్కలా ఉండవు. ఒంటికి చుట్టుకున్న బట్ట కదా, మడత పడినచోట డిజైన్ వంగిపోవాలి, విరగాలి. ఇక్కడ చాలావరకు అలా జరగదు, చాప మీద పరిచి చూపించినట్టు నేతంతా తిన్నగా కనిపిస్తుంది. చేతకాక అలా వేశారని నేననుకోను. అంత సన్నటి గీత తడబడకుండా లాగిన చేతికి మడత వేయడం ఒక లెక్కా? నేత కళ్లకు పూర్తిగా కనబడాలనే అలా వేశారని నా నమ్మకం. విజయనగర కాలానికి చిత్రాల్లో పనితనం తగ్గిందని స్కూలు పుస్తకాల్లో రాశారు, ఈ చీరల్ని దగ్గరగా చూసినవాణ్ణి కాబట్టి ఆ మాట నేను ఒప్పుకోలేను.

రంగులు కూడా చూడండి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు, తెలుపు, మట్టి రంగులు. నీలం దాదాపు కనిపించదు.

మగవాళ్ల తలల మీద పొడుగాటి టోపీలుంటాయి, వాటిని కుళ్ళాయి అంటారు. విజయనగరం వెళ్లిన శ్రీనాథ కవి ‘కుల్లా యుంచితి’, అంటే కుళ్ళాయి పెట్టుకున్నాను అని, చాటువులో చెప్పుకున్నది దాని గురించే.

చిన్న బైనాక్యులర్ దొరికితే పట్టుకెళ్లండి, ఫ్లాష్ మాత్రం వాడొద్దు. నోటుబుక్కు, పెన్సిలు మర్చిపోకండి. మొహంతో మొదలుపెట్టకుండా ఒక జానెడు అంచు గీయండి, ఆ గీత ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది. గీసింది నాకు పంపండి, ఏ బొమ్మ చీరో మాత్రం రాయకండి, నేనే కనుక్కుంటాను.

మీ తాతయ్య