పాజిటివ్ వచ్చింది, మరి తర్వాత?

పెద్దపేగు కేన్సర్ అంత టైమ్ ఇచ్చే కేన్సర్లు చాలా తక్కువ. పేగు లోపలి పొర మీద పాలిప్ అనే చిన్న బుడిపె లేస్తుంది. చాలా బుడిపెలు జీవితాంతం అలాగే పడి ఉంటాయి, ఏ హానీ చేయవు, కానీ కొన్నింటిలో మాత్రం ఒక జన్యువు తర్వాత ఇంకో జన్యువు చెడిపోతూ వస్తుంది, సాధారణంగా మొదట ఏపీసీ, తర్వాత కేరాస్, చివరి దశల్లో టీపీ53. ఈ వరసను 1990లో ఎరిక్ ఫియరాన్, బర్ట్ వోగెల్‌స్టీన్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు వివరించారు. బుడిపె ముదిరి కేన్సర్ అయ్యేసరికి మామూలుగా పదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ లోపు ఎప్పుడు కంటపడినా కొలనోస్కోపీ (కెమెరా ఉన్న గొట్టాన్ని పెద్దపేగులోకి పంపి చూసే పరీక్ష) గొట్టంలోంచే సన్నని తీగ ఉచ్చు పంపి, పొట్ట కోయకుండా తీసేయొచ్చు. ఇదేం కొత్త టెక్నాలజీ కూడా కాదు, న్యూయార్క్‌లో విలియం వోల్ఫ్, హిరోమి షిన్యా అనే డాక్టర్లు 1969లోనే చేసి చూపించారు.

అయినా 2022లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 19 లక్షల మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడింది, 9 లక్షల మంది చనిపోయారు. కేన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల కేన్సర్ తర్వాత స్థానం దీనిదే. పదేళ్ల గడువిచ్చే జబ్బు ఇంతమందిని ఎలా తీసుకుపోతోంది? పరీక్షలు లేక కాదు, మందులు లేక కూడా పూర్తిగా కాదు. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు వెళ్లేలోపు మనుషులు జారిపోతున్నారు. పరీక్ష చేయించుకోనివాళ్లు కొందరు, చేయించుకుని రిపోర్టు పక్కన పడేసినవాళ్లు కొందరు, జబ్బు తేలినా సరైన మందు దాకా చేరలేనివాళ్లు కొందరు. కొత్త పరీక్షల గురించి వచ్చినన్ని వార్తలు ఈ జారిపోవడం గురించి రావు.

ముందు పరీక్షల సంగతి. మలంలో కంటికి కనిపించనంత రక్తం ఉందేమో చూడటం పాత పద్ధతే. మొదట్లో వాడిన గ్వాయక్ పరీక్షకు మనిషి రక్తానికీ, తిన్న మాంసంలోని రక్తానికీ తేడా తెలిసేది కాదు. అంత మోటు పరీక్షనే ఏటా చేయిస్తూ పోతే పెద్దపేగు కేన్సర్ మరణాలు మూడో వంతు తగ్గాయని 1993లో మిన్నెసోటా అధ్యయనం తేల్చింది. ఇప్పుడు వాడే ఫిట్ పరీక్ష మనిషి హిమోగ్లోబిన్‌ను మాత్రమే పట్టుకుంటుంది, కాబట్టి పత్యం అక్కర్లేదు, ఇంట్లోనే చిన్న పుల్లతో శాంపిల్ తీసి పంపిస్తే చాలు. 2014లో సుమారు పదివేల మంది మీద చేసిన అధ్యయనంలో ఒక్కసారి చేసిన ఫిట్ కేన్సర్లలో 74 శాతాన్ని పట్టుకుంది, మలంలోని డీఎన్ఏను కూడా చూసే పరీక్ష 92 శాతం పట్టుకుంది. కానీ కేన్సర్‌గా మారే ప్రమాదం ఎక్కువున్న బుడిపెల దగ్గరికొచ్చేసరికి ఫిట్ 24 శాతం, డీఎన్ఏ పరీక్ష 42 శాతం మాత్రమే పట్టుకోగలిగాయి. అందుకే ఫిట్ ఒకసారి చేయించుకుని హమ్మయ్య అనుకునే పరీక్ష కాదు, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ మళ్లీ చేయించాలి. బుడిపె రోజూ రక్తం కార్చదు, ఈసారి తప్పించుకున్నది వచ్చేసారి దొరుకుతుంది.

రక్తపరీక్షలు కూడా వచ్చాయి. 2024లో అమెరికాలో అనుమతి పొందిన ఒకటి కేన్సర్లలో 83 శాతాన్ని పట్టుకుంటుంది. వినడానికి బాగుంది, మలం గొడవే లేదు. కానీ ముదిరిన బుడిపెల్లో అది పట్టుకునేది 13 శాతమే. అంటే వచ్చిన కేన్సర్‌ను త్వరగా కనిపెట్టడానికి పనికొస్తుంది కానీ, రాకుండా ఆపడానికి పెద్దగా కాదు. ఏ పరీక్షా చేయించుకోని మనిషికి ఇదైనా మేలే, ఫిట్ క్రమం తప్పకుండా చేయించుకునేవాళ్లు దాన్ని మానేసి దీనికి మారడంలో నాకైతే అర్థం కనిపించదు.

2022లో నార్డిక్ అనే పెద్ద ట్రయల్ ఫలితాలు రాగానే కొలనోస్కోపీ దండగ అన్నట్టు కొన్ని హెడ్‌లైన్లు వచ్చాయి. పోలండ్, నార్వే, స్వీడన్ దేశాల్లో దాదాపు 85 వేల మందిని పదేళ్లు గమనించారు. కొలనోస్కోపీకి రమ్మని పిలుపు అందుకున్న గుంపులో కేన్సర్లు 18 శాతం తగ్గాయి, మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అయితే అక్కడ కొలిచింది కొలనోస్కోపీ ఫలితాన్ని కాదు, పిలుపు ఫలితాన్ని. పిలిచినవాళ్లలో వచ్చింది 42 శాతమే, మిగతా సగానికి పైగా జనం ఆ పరీక్ష గది గుమ్మం కూడా తొక్కలేదు, వాళ్లందరినీ కలిపి లెక్కవేస్తే ఏ పరీక్షైనా నీరసంగానే కనిపిస్తుంది. నిజంగా చేయించుకున్నవాళ్లలో ఎంత ఉండేదో అంచనా వేస్తే కేన్సర్ 31 శాతం, మరణం దాదాపు సగం తగ్గినట్టు వచ్చింది. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లే వస్తారు కాబట్టి ఈ అంచనాను కొంచెం జాగ్రత్తగానే తీసుకోవాలి, అయినా దండగ అనే మాట ఎలా వస్తుంది?

స్పెయిన్‌లో ఇంకో ట్రయల్ ఒకసారి కొలనోస్కోపీని, రెండేళ్లకోసారి ఫిట్‌ని పోల్చింది, 2025లో ఫలితాలు వచ్చాయి. పదేళ్ల తర్వాత కేన్సర్ మరణాల్లో ఫిట్ వెనకబడలేదు. కారణం ఫిట్ అంత పదునైనదని కాదు, దానికి దాదాపు 40 శాతం మంది ఒప్పుకుంటే కొలనోస్కోపీకి 32 శాతం మందే ఒప్పుకున్నారు. ఏ పరీక్ష మంచిదని అడిగితే డాక్టర్లు చెప్పే జవాబు, మీరు నిజంగా చేయించుకునేదే మంచిదని. దాటవేసే మాటలా అనిపిస్తుంది కానీ లెక్కలు చెప్పేది అదే.

ఇప్పుడు అసలు గండం. ఫిట్ పాజిటివ్ వచ్చింది. చాలామందిలో కేన్సర్ ఉండదు, ఆ సంగతి ముందే తెలిస్తే టెన్షన్ కొంత తగ్గుతుంది. కానీ కొలనోస్కోపీ మాత్రం తప్పదు. ఇక్కడే రెండు సాకులు వినిపిస్తాయి. ఒకటి, నాకు పైల్స్ ఉన్నాయి, రక్తం వాటిదే అయ్యుంటుంది అని. ఉంటే ఉండొచ్చు, పైల్స్ ఉన్నవాళ్లకు పాలిప్స్ రావని ఎక్కడా రాసిపెట్టి లేదు. రెండోది, ఇంకోసారి ఫిట్ చేయించి నెగెటివ్ వస్తే వదిలేద్దాం అని. బుడిపె ఆగి ఆగి రక్తం కారుస్తుందని పైన చెప్పాను, కాబట్టి రెండో నెగెటివ్ మొదటి పాజిటివ్‌ను కొట్టేయదు. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం పాజిటివ్ వచ్చాక కొలనోస్కోపీ పది నెలలు దాటి ఆలస్యమైనవాళ్లలో, నెల రోజుల్లోపు చేయించుకున్నవాళ్లతో పోలిస్తే కేన్సర్, అందులోనూ ముదిరిన కేన్సర్, ఎక్కువగా దొరికింది. కొన్ని వారాలు అటూ ఇటూ అయితే కొంపలు మునిగిపోవు, ఏడాది గడిచిపోతే మాత్రం మునగొచ్చు.

చేసేవాళ్ల నైపుణ్యం కూడా లెక్కలోకి వస్తుంది. ఒక డాక్టర్ చేసే స్క్రీనింగ్ (ఏ లక్షణాలూ లేనివాళ్లకు ముందుజాగ్రత్తగా చేసే) కొలనోస్కోపీల్లో ఎంత శాతం మందిలో అడినోమా రకం పాలిప్స్, అంటే కేన్సర్‌గా మారే అవకాశమున్నవి, దొరుకుతున్నాయన్నది ఒక కొలమానం, ఆ శాతం ఒక్క పాయింట్ పెరిగితే ఆ డాక్టర్ దగ్గరికి వెళ్లినవాళ్లకు తర్వాత కేన్సర్ వచ్చే అవకాశం 3 శాతం తగ్గుతుందని 2014లో తేలింది. మన వంతుగా ముందురోజు ఇచ్చే విరేచనాల మందు పూర్తిగా తాగాలి. ఈ పరీక్షలో జనం తిట్టుకునేది ఎక్కువగా దాన్నే, అయినా పేగు శుభ్రంగా లేకపోతే ఎంత మంచి డాక్టరైనా ఏం చూస్తాడు.

జారిపోయేవాళ్లను పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. ఉత్తర కాలిఫోర్నియాలో కైజర్ పర్మనెంటే అనే ఆరోగ్య సంస్థ, సభ్యులు వచ్చి అడిగేదాకా ఆగకుండా ఫిట్ కిట్లను పోస్టులో ఇళ్లకు పంపడం మొదలుపెట్టింది, తిరిగి పంపనివాళ్లకు ఫోన్లు చేసింది. 2000లో 39 శాతం దగ్గర ఉన్న స్క్రీనింగ్ 2015కి 83 శాతానికి చేరింది, మరణాలు సగానికి పైగా తగ్గాయి. అమెరికాలోనే డెలవేర్ రాష్ట్రం కథ నాకు ఇంకా నచ్చుతుంది. అక్కడ నల్లజాతివాళ్లలో ఈ కేన్సర్ మరణాలు తెల్లజాతివాళ్ల కంటే బాగా ఎక్కువ ఉండేవి, చాలామంది దాన్ని వాళ్ల ఒంటితీరు మీదకు నెట్టేసేవాళ్లు. 2002 నుంచి ఆ రాష్ట్రం స్క్రీనింగ్ ఖర్చు పెట్టుకుంది, బీమా లేనివాళ్లకు కేన్సర్ తేలితే చికిత్స ఖర్చు కూడా రెండేళ్ల దాకా భరించింది, ఒక్కో మనిషి వెంట ఉండి అపాయింట్‌మెంట్ దగ్గర్నుంచి రవాణా దాకా చూసుకునే నర్సులను పెట్టింది. 2009కల్లా ఆ మరణాల తేడా దాదాపు మాయమైంది. చికిత్సకు డబ్బు లేదని తెలిసినవాడు పరీక్షకు ఎందుకు వస్తాడు? డెలవేర్ రెండింటినీ ఒకే మూటగా కట్టింది, కిటుకంతా అందులోనే ఉంది.

ఇక చికిత్స. పెద్దపేగు కేన్సర్ అని ఒక పేరు పెట్టాం కానీ లోపల అది చాలా రకాల జబ్బులు. 2008 ప్రాంతంలో తేలిన సంగతి చూడండి: సెటుక్సిమాబ్ అనే ఖరీదైన మందు, కేరాస్ జన్యువు మారిపోయిన ట్యూమర్ల మీద పనిచేయదు. అలాంటివి దాదాపు 40 శాతం. అంటే జన్యు పరీక్ష చేసిన మొదటి మేలు ఫలానా మందు వద్దని చెప్పడమే, దాంతో డబ్బూ మిగిలింది, ఊరికే పడాల్సిన బాధా తప్పింది. 2022లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ట్రయల్ కూడా అలాంటిదే. రెండో దశ కేన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక రక్తంలో ట్యూమర్ డీఎన్ఏ మిగిలుందేమో చూసి, ఉన్నవాళ్లకే కీమో ఇచ్చారు. కీమో తీసుకున్నవాళ్లు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు, జబ్బు తిరగబెట్టడం మాత్రం పెరగలేదు.

అన్నిటికన్నా అబ్బురం డీఎన్ఏ తప్పులు దిద్దే యంత్రాంగం చెడిపోయిన ట్యూమర్లది. ఇవి పెద్దపేగు కేన్సర్లలో సుమారు 15 శాతం. తప్పులు కుప్పలుగా పేరుకోవడం వల్ల రోగనిరోధక వ్యవస్థకు ఇవి పరాయివిగా కనిపిస్తాయి, దాని మీదున్న బ్రేకు తీసేస్తే అదే పని ముగిస్తుంది. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్‌లో ఇలాంటి పురీషనాళ (పెద్దపేగు చివరి భాగం) కేన్సర్ ఉన్న 12 మందికి ఆ బ్రేకు తీసే డోస్టార్లిమాబ్ అనే మందు ఇస్తే, 12 మందిలోనూ ట్యూమర్ కనిపించకుండా పోయిందని 2022లో ప్రకటించారు. 2025కి ఆ సంఖ్య 49 మందికి 49 మంది. ఆపరేషన్ లేదు, రేడియేషన్ లేదు, పొట్టకు సంచి తగిలించుకుని బతకాల్సిన పనీ లేదు. ఇదొక చిన్న గుంపుకే వర్తిస్తుంది, మందు ధర చాలామందికి అందనిది, నిజమే. కానీ ఆ గుంపులో మనం ఉన్నామో లేదో చెప్పే పరీక్ష అంత ఖరీదైనది కాదు, బయాప్సీ ముక్క మీద నాలుగు ప్రొటీన్లకు రంగు వేసి చూస్తారు, మామూలు పాథాలజీ ల్యాబ్ చేయగలిగిందే. అది అడగకుండానే నేరుగా ఆపరేషన్‌కు తీసుకెళ్తే ఆ దారి ఒకటుందని రోగికి తెలిసే అవకాశమే ఉండదు.

వ్యక్తికి తగ్గ చికిత్స అంటే లక్షల ఖరీదే అనుకోనక్కర్లేదని 2025లో ఆస్పిరిన్ చూపించింది. స్వీడన్, డెన్మార్క్, ఫిన్లాండ్, నార్వేల్లో చేసిన ట్రయల్‌లో, పీఐ3కే అనే జన్యు మార్గంలో మార్పులున్న రోగులు ఆపరేషన్ తర్వాత రోజూ 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకుంటే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. ఇలాంటి మార్పులు మూడో వంతుకు పైగా రోగుల్లో ఉన్నాయి. మందు చవకే, చిక్కంతా జన్యు పరీక్ష దగ్గరే. (ఇది చదివి ఎవరికి వాళ్లు ఆస్పిరిన్ మొదలుపెట్టకండి, పొట్టలో రక్తస్రావం తమాషా కాదు.)

వయసు మాట కూడా చెప్పాలి. అమెరికాలో 1990 ప్రాంతంలో పుట్టినవాళ్లకు, 1950 ప్రాంతంలో పుట్టినవాళ్లు ఆ వయసులో ఉన్నప్పటి కంటే పెద్దపేగు కేన్సర్ ముప్పు రెట్టింపు, పురీషనాళ కేన్సర్ ముప్పు నాలుగు రెట్లు. అందుకే 2021లో అక్కడ స్క్రీనింగ్ మొదలుపెట్టే వయసును 50 నుంచి 45కి దించారు. ముప్పైల్లో ఉన్న మనిషి మలంలో రక్తం పడుతోందంటే, కారణం లేకుండా రక్తం తగ్గిపోతోందంటే, అది స్క్రీనింగ్ వయసు కోసం ఆగాల్సిన విషయం కాదు, అప్పుడే చూపించుకోవాలి.

తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఎవరికైనా 60 ఏళ్లలోపు ఈ కేన్సర్ వచ్చుంటే లెక్క మారుతుంది. 40వ ఏట, లేదా వాళ్లకు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, రెండిట్లో ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టి, ఐదేళ్లకోసారి చేయించాలి. ఆ నాలుగు ప్రొటీన్ల పరీక్షలో తేడా కనిపించి, లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య లోపమని తేలితే ఇంకా ముందే, 20 నుంచి 25 ఏళ్ల వయసు నుంచే మొదలుపెడతారు. అది మిగతా కుటుంబానికి చెప్పాల్సింది చాలాసార్లు రోగే, కీమో మధ్యలో, అందరికీ ఫోన్లు చేసుకుంటూ. ఆ పని ఆసుపత్రులు ఎందుకు తమ మీద వేసుకోవో నాకు అర్థం కాదు.