దిగేటప్పుడే కరెంటు ఎక్కువ

చిన్నోడికి, పాపకు తాత దీవెనలు.

కడపలో మీ అపార్టుమెంటులో లిఫ్టు దగ్గర నిలబడి, ఎక్కేవాళ్లందరికీ "కరెంటు వేస్టు" అని చెప్తున్నారంట. మూడో అంతస్తు పెద్దాయన నొచ్చుకున్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒకరికి చెప్పేముందు లెక్క తెలియాలి కదా. కాగితం, పెన్ను తెచ్చుకోండి.

చిన్నోడు 30 కిలోలు ఉన్నాడనుకుందాం. కింద నుంచి అయిదో అంతస్తు దాదాపు 15 మీటర్ల ఎత్తు. 30ని భూమ్యాకర్షణ లెక్క 9.8తో, వచ్చినదాన్ని 15తో గుణిస్తే 4,410 జౌళ్లు. జౌల్ అంటే శక్తికి కొలత. మీటరులో ఒక యూనిట్ తిరగాలంటే 36 లక్షల జౌళ్లు కావాలి. అంటే వాణ్ని ఎనిమిది వందల సార్లు పైకి చేర్చేంత శక్తి ఒక్క యూనిట్‌లో ఉంది. మోటారులో, రాపిడిలో పోయేది వేరే.

మరి లిఫ్టు పెట్టె బరువో? దాన్ని మోటారు ఒక్కటే మొయ్యదు. తాడుకు అవతలి కొసన కౌంటర్ వెయిట్ అని ఇనుప దిమ్మెలు వేలాడుతుంటాయి. పెట్టె పైకొస్తే అవి కిందికి పోతాయి. మీ అవ్వ వాళ్ల ఊళ్లో బావిలోంచి నీళ్లు తోడే కపిలె తోలేటప్పుడు ఎద్దుల్ని వాలు దారిలో కిందికి నడిపేవాళ్లు. వాటి బరువే నీళ్ల బానను పైకి లాగడానికి సగం సాయం. ఇదీ ఆ ఉపాయమే.

ఇక్కడే తమాషా ఉంది. ఆ దిమ్మెల బరువు ఖాళీ పెట్టెతో సమానంగా ఉండదు. లిఫ్టు మొయ్యగలిగిన బరువులో సుమారు సగం అదనంగా కలుపుతారు. ఆరుగురి లిఫ్టు 408 కిలోలకు చేస్తారు కాబట్టి అవతల దాదాపు 200 కిలోలు ఎక్కువన్నమాట. చిన్నోడు ఒక్కడే ఎక్కితే 170 కిలోల మొగ్గు అటువైపే. పైకి పోయేటప్పుడు దిమ్మెలే లాగేస్తాయి, మోటారు పట్టి ఆపుతుంటుంది. కిందికి దిగేటప్పుడు మాత్రం ఆ 170 కిలోలను మోటారు పైకి లాగాలి. అలవోకగా దిగిపోతున్నామనుకుంటాం గానీ మీటరు తిరిగేది అప్పుడే! దిమ్మెలు లేకుండా నూనె ఒత్తిడితో లేచే హైడ్రాలిక్ లిఫ్టులకు ఈ లెక్క వర్తించదు.

కాబట్టి మెట్లు వాడాలనుకుంటే ముందు దిగడానికి వాడండి. మీకూ సులువు.

ఇంకో దొంగ ఉన్నాడు. లిఫ్టులో ఎవరూ లేకపోయినా లోపల లైటు, ఫ్యాను, కంట్రోల్ ప్యానెల్ నడుస్తూనే ఉంటాయి. అన్నీ కలిపి 50 వాట్లే అనుకున్నా, 24 గంటలకు 1.2 యూనిట్లు. పైన వేసిన లెక్కతో పోల్చి చూసుకోండి. మనిషి లేనప్పుడు లైటు, ఫ్యాను వాటంతటవే ఆగేలా పెట్టించమని అసోసియేషన్ వాళ్లను అడగండి. పెద్దాయన్ను అడ్డుకోవడం కంటే అది లక్ష రెట్లు మేలు. పైకి, కిందికి రెండు బటన్లూ నొక్కే అలవాటు కూడా మానండి. ఎటూ పోనివాళ్ల కోసం లిఫ్టు ఊరికే ఆగుతుంది.

మెట్లెక్కితే ఒళ్లు తగ్గుతుందా అని పాప అడిగింది కదా. తిన్న తిండిలో అయిదో వంతో, నాలుగో వంతో మాత్రమే కండరాల్లో పనిగా మారుతుంది, మిగతాది వేడి, చెమట. అయినా చిన్నోడు అయిదంతస్తులు ఎక్కడానికి ఖర్చయ్యేది నాలుగైదు కిలోక్యాలరీలే. రెండు చెనక్కాయ గింజలు తింటే సరి. మెట్లెక్కితే ఊపిరి, గుండె, కాళ్లు గట్టిపడతాయి. ఒళ్లు తగ్గే ఆశతో ఎక్కొద్దు.

ఇప్పుడు మీకో పని. లిఫ్టులో ఎంతమంది, ఎన్ని కిలోలు అని రాసిన రేకు ఉంటుంది. కిలోలను మనుషులతో భాగించి, ఒక్కొక్కరికి ఎంత పట్టారో చూడండి. తర్వాత మీ ఇంట్లో ఎవరెవరు ఎక్కితే అటూ ఇటూ సమానమై మోటారుకు పని తగ్గుతుందో లెక్కగట్టి రాయండి. మీ నాన్న బరువు ఆయన్ను అడగొద్దు, తగ్గించి చెప్తాడు. అమ్మను అడగండి.

ఇట్లు,
మీ తాత