రెండు రౌండ్లకే కూలిన డ్రాగన్: ఎన్‌కౌంటర్ లెక్కల వెనుక 50 ఏళ్ల కథ

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, పాచికలేస్తూ, వీరుల పాత్రల్లో సాహసాలు చేసే ఆట. దాన్ని ఆడించే డంజన్ మాస్టర్లలో చాలామందికి ఇది ఎదురయ్యే ఉంటుంది. వారమంతా కూర్చుని ఒక డ్రాగన్‌ని సిద్ధం చేస్తారు. ఎన్‌కౌంటర్ (మాన్‌స్టర్లు ఎదురుపడే సందర్భం) ఎంత కష్టమో చెప్పే లెక్క ఒకటి రూల్స్ పుస్తకంలో ఉంటుంది. దాని ప్రకారం అది ఆ పార్టీకి, అంటే ఆటగాళ్ల వీరుల జట్టుకి, ప్రాణాంతకం. తీరా ఆట మొదలయ్యాక రెండు రౌండ్లకే, అంటే అందరికీ రెండేసి వంతులు రాగానే, కూలిపోతుంది. ఇంకో వారం, అదే లెక్క సులువని చెప్పిన గాబ్లిన్లనే చిన్న మాన్‌స్టర్ల గుంపు సగం పార్టీని పడగొడుతుంది. తప్పు ఎవరిదని వాదించుకునే ముందు ఈ లెక్క ఎప్పుడు, ఎందుకు పుట్టిందో చూడాలి. ఆట మొదలైన రోజుల్లో అసలు ఇలాంటి లెక్కే లేదు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన తొలి రూల్స్‌లో కష్టాన్ని కొలిచేది లోతు. భూమి కింద అంతస్తులుంటాయి. మొదటి అంతస్తులో ఎక్కువగా చిన్న ప్రాణులు. కిందికి వెళ్లేకొద్దీ బలమైన మాన్‌స్టర్లు, వాటితో పాటు పెద్ద నిధులు. ఇంకో అంతస్తు దిగాలా, ఇక్కడితో వెనక్కి తిరగాలా అన్నది ఆటగాళ్లే తేల్చుకోవాలి. దిగి చచ్చిపోతే డంజన్ మాస్టర్ అన్యాయం చేశాడని ఎవరూ అనలేరు.

ఫైట్ చేయడం కూడా అంత లాభసాటి కాదు. ఒక బంగారు నాణెం తెస్తే ఒక ఎక్స్‌పీరియెన్స్ పాయింట్. వీరుడి లెవెల్, అంటే బలం స్థాయి, పెరిగేది ఈ పాయింట్లతోనే. 1975లో వచ్చిన రూల్స్ అనుబంధం తర్వాత ఆర్క్ అనే మాన్‌స్టర్‌ని చంపితే దక్కేది 10 పాయింట్లే. 200 నాణేల మూట ఎత్తుకొస్తే 200. మరి కత్తి దూయడం ఎందుకు? ఎదురైన మాన్‌స్టర్ మీద పడుతుందా, మాట వింటుందా అని పాచికలేసి తేల్చే పద్ధతి కూడా అప్పుడే ఉంది. దొంగతనంగా దాటిపోవడం, బేరమాడటం, పారిపోవడం కూడా మంచి ఆటే. ఈ సంగతి మనం మర్చిపోయామన్నదే నా బాధ.

ఆ కాలపు ఆలోచన ఎంత పదునైనదో 1987 నవంబర్‌లో ఈ ఆటకు సంబంధించిన డ్రాగన్ పత్రిక 127వ సంచికలో రోజర్ మూర్ రాసిన సంపాదకీయం చూస్తే తెలుస్తుంది. టకర్ అనే డంజన్ మాస్టర్ నడిపిన కోబాల్డుల గురించి ఆయన రాశారు. కోబాల్డ్ అంటే ఒకటి నుంచి నాలుగు హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) ఉండే అల్ప ప్రాణి. ఎదురుగా ఉన్నది 6 నుంచి 12 లెవెల్ వీరులు. ఆ కోబాల్డులు పార్టీని లోపలికి రానిచ్చి, వెనుక తలుపు బిగించి, వాళ్లు నిలబడ్డ కారిడార్‌కే నిప్పు పెట్టాయి. వాటికి అదనపు బలమేమీ ఇవ్వలేదు. తమ ఇల్లు తమకు బాగా తెలిసిన ప్రాణులుగా ప్రవర్తించాయి, అంతే. ఏ పట్టికలోనూ ఆ ఫైట్ కష్టం కనిపించదు.

అప్పటికే ఆట మారుతోంది. 1984లో మొదలైన, డ్రాగన్‌లాన్స్ అనే ముందే రాసిచ్చిన సాహసాల వరుసతో పెద్ద కథ నడిపించడం ముందుకొచ్చింది. 1989 నాటి రూల్స్ రెండో ఎడిషన్‌లో బంగారానికి పాయింట్లివ్వడం ఐచ్ఛికమైంది. కథలో ఫలానా చోట ఫలానా ఫైట్ జరగాలని ముందే రాసుకున్నాక, మెట్ల దగ్గర ఆగి ఆలోచించే అవకాశం ఆటగాళ్లకు ఎక్కడిది? కష్టం ఎంతో తేల్చే పని డంజన్ మాస్టర్ నెత్తిన పడింది. ఆ బరువు మోయడానికి ఒక అంకె కావాల్సి వచ్చింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

2000లో మూడో ఎడిషన్ ఆ అంకెను ఇచ్చింది. దాని పేరు ఛాలెంజ్ రేటింగ్. రేటింగ్ 5 ఉన్న మాన్‌స్టర్ 5వ లెవెల్ వీరులు నలుగురికి తగిన పోటీ. అయితే తగిన పోటీ అంటే పార్టీ దగ్గరున్న స్పెల్స్ (మంత్రాలు), హిట్ పాయింట్ల వంటి వాటిలో 20 శాతం ఖర్చు చేయించేదని అర్థం. అలాంటివి ఆటలోని ఒక రోజుకు నాలుగు. అంటే ఆ అంకె ఒక్క ఫైట్‌ని కాదు, రోజంతటి అలసటని కొలుస్తోంది. అదే పుస్తకం 5 శాతం ఎన్‌కౌంటర్లు పార్టీ గెలవలేనంత పెద్దవిగా ఉండాలని కూడా చెప్పింది. పారిపోవడం అప్పటికీ లెక్కలోనే ఉందన్నమాట.

2008లో నాలుగో ఎడిషన్ దృష్టిని ఒక్కో ఫైట్ మీదికి తెచ్చింది. ఒక్క దెబ్బకే పోయే మినియన్లు, ఒంటరిగా పార్టీ మొత్తాన్నీ ఎదుర్కొనే సోలోలు, ఒక్కో మాన్‌స్టర్‌కు ఒక్కో పాత్ర. లెక్క చక్కగా కుదిరింది కానీ ఫైట్లు బాగా సాగదీసినట్టయ్యాయి.

2014లో ఐదో ఎడిషన్ మళ్లీ రోజు లెక్కకే వెళ్లింది. మధ్యస్థమైనవో కష్టమైనవో ఆరు నుంచి ఎనిమిది ఫైట్లు చేస్తే గానీ పార్టీ ఒక రోజులో అలసిపోదని అంచనా. వారానికోసారి మూడు, నాలుగు గంటలు కూర్చునే వాళ్లు అన్ని ఫైట్లు ఎక్కడ చేస్తారు? చాలా టేబుళ్ల దగ్గర రోజుకొక పెద్ద ఫైట్ జరుగుతుంది. హాయిగా నిద్రలేచి, స్పెల్స్ అన్నీ చేతిలో ఉన్న పార్టీ దాంట్లోకి దిగుతుంది. మన డ్రాగన్‌కి పట్టిన గతి అందుకే.

టర్నుల (వంతుల) సంగతి కూడా ఉంది. డ్రాగన్‌కి ఒక టర్ను వస్తే ఎదురుగా ఉన్న ఐదుగురు వీరులకు ఐదు వస్తాయి. చలిచీమల చేత చిక్కిన పాము సంగతి మనకు కొత్త కాదు. అందుకే ఆ ఎడిషన్ మాన్‌స్టర్ల సంఖ్యను బట్టి కష్టం లెక్కను పెంచింది: రెండైతే ఒకటిన్నర రెట్లు, మూడు నుంచి ఆరైతే రెండు రెట్లు. పెద్ద మాన్‌స్టర్లకు ఇతరుల టర్ను ముగిసినప్పుడు కూడా దెబ్బతీసే లెజెండరీ యాక్షన్లు ఇచ్చింది.

2024 పుస్తకంలో ఆ రెట్ల లెక్క లేదు, రోజుకిన్ని ఫైట్లన్న సలహా కూడా లేదు. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు మెట్లే మిగిలాయి. నేను మాత్రం ఆ పట్టిక తెరిచే ముందు వేరే ప్రశ్నలు వేసుకుంటాను. గుహ దగ్గరికి రాకముందే కాలిన చెట్లు పార్టీ కంట పడ్డాయా? డ్రాగన్‌కి ఆ గుహ ఎంత బాగా తెలుసు? వద్దనుకుంటే వెనక్కి వెళ్లే దారి ఉందా?