యూత్ మీటింగ్‌కి ఆతిథ్యం: కుర్చీల లెక్క చెప్పని సంగతులు

"మా మందిరంలో మూడొందల మంది కూర్చుంటారు, మూడొందల మందినీ పంపించేయండి." రెండు మూడు రాత్రులు సాగే యవ్వనస్థుల కూటాలకు చోటిస్తామని ముందుకొచ్చే సంఘాల నుంచి ముందుగా వినబడే మాట ఇది. మంచి మనసుతోనే అంటారు. మొదటి రాత్రి పదకొండింటికి పిల్లలు సంచులు పట్టుకుని వరండాలో నిలబడిపోవడానికి కూడా చాలాసార్లు ఈ మాటే కారణం.

అపోహ: ఎంతమంది కూర్చోగలిగితే అంతమందికి ఆతిథ్యం ఇవ్వగలం.

వాస్తవం: కూర్చునేవాడికి కుర్చీ చాలు. పడుకునేవాడికి పక్క, సంచి, రాత్రి లేస్తే ఎవరినీ తొక్కకుండా నడిచే దారి కావాలి. విపత్తు శిబిరాల కోసం రాసిన స్ఫియర్ ప్రమాణాలు మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్లు ఉండాలంటాయి. అది వారాల తరబడి తలదాచుకునేవాళ్ల సంగతి. రెండు మూడు రాత్రులకు 2 చదరపు మీటర్లతో సర్దుకోవచ్చు. ఫ్రాన్స్‌లోని తైజే అనే క్రైస్తవ సమాజం 1978లో మొదలుపెట్టిన యూరప్ యువజన కూటాల్లో కూడా ఆతిథ్యమిచ్చే ఇళ్లను అడిగేది దాదాపు అంతే నేల.

మీ హాలు 20 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు అనుకుందాం. మొత్తం 240. వేదిక, వాద్యాలు, తలుపుల ముందు ఖాళీ తీసేస్తే 180 మిగులుతుంది, అంటే 90 పక్కలు. తలుపుల ముందు ఖాళీని మాత్రం ఎవరెంత బతిమాలినా పక్కలకు ఇవ్వకండి. అబ్బాయిలనూ అమ్మాయిలనూ ఒకే హాల్లో పడుకోబెట్టం కాబట్టి ఈ 90 ఒక వైపువాళ్లకే. రెండో వైపువాళ్లను సండే స్కూల్ గదుల్లో సర్దాలి, వాటినీ ఇలాగే కొలవాలి.

కొలత అయ్యాక కూడా సంఖ్య తేలదు, తేల్చేవి బాత్రూములు. హాలు అమ్మాయిలకిచ్చారు, వాళ్లవైపు బాత్రూములు రెండు. మనిషికి 7 నిమిషాల చొప్పున 90 మందికి 315 నిమిషాలు. అల్పాహారం 8 గంటలకు పెట్టాలంటే మొదటి అమ్మాయి తెల్లవారుజామున 2:45కే లేవాలి! అదే 40 మందైతే 140 నిమిషాలు, 5:40కి లేస్తే సరిపోతుంది. కాబట్టి అమ్మాయిల విషయంలో నిర్వాహకులకు మీరు చెప్పాల్సిన సంఖ్య 90 కాదు, 40. పెంచాలనుకుంటే సగం మందికి సాయంత్రం స్నానాలు పెట్టండి, లేదా పక్కనున్న విశ్వాసుల ఇళ్లలో బాత్రూములు అడగండి. అడిగిన ఇంటివాళ్ల పేరు, ఇచ్చే సమయం, ఎంతమందికి అన్నది కాగితం మీదికి రావాలి. "వాళ్లు కాదనరులే" అనేది లెక్కలోకి రాదు.

నీళ్లదీ ఇదే తీరు. తాగడానికే మనిషికి రోజుకు 3 లీటర్లు వేసుకోండి. వంట, స్నానం, ఫ్లష్ కలుపుకుంటే 30కి తగ్గించొద్దు. అమ్మాయిలూ అబ్బాయిలూ కలిపి 70 మంది అనుకుంటే 2,100 లీటర్లు. మేడ మీద ట్యాంకు వెయ్యి లీటర్లదైతే రోజుకు రెండుసార్లు నింపినా చాలదు. మోటారు వేసే మనిషి ఎవరో ముందే తేలాలి, అతనికి ఇంకే పనీ చెప్పొద్దు. ఆదివారం రెండు గంటల వాడకానికే అలవాటుపడిన సెప్టిక్ ట్యాంకు మూడు రోజుల తాకిడికి పొంగవచ్చు, వారం ముందే ఖాళీ చేయించండి.

"ప్రభువు చూసుకుంటాడు" అని దీన్నంతా కొట్టిపారేసే పెద్దలుంటారు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది ఆ ప్రభువే. లూకా 14:28.

అపోహ: ఆరాధనలో "సాయానికి ఎవరొస్తారు?" అంటే చేతులెత్తినవాళ్లంతా పరిచర్యకు వచ్చినట్టే.

చేతులెత్తడం ఆసక్తి, అంతే. టీనేజీ పిల్లలకు పది మందికి ఒక పెద్ద చొప్పున వేసుకోండి. పెద్దవాళ్లెవరూ ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండకూడదు కాబట్టి ఎక్కడైనా ఇద్దరు తప్పనిసరి. రాత్రి కాపలా లెక్క వేరు. రెండు పడక గదులు, గదికి ఇద్దరు, రాత్రికి రెండు వంతులు: రాత్రికి ఎనిమిది మంది, మూడు రాత్రులకు 24 వంతులు. అమ్మాయిల గదికి స్త్రీలే కావాలి. సంఘాలు చతికిలబడేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే ఆ స్త్రీలే పొద్దున వంటగదిలోనూ ఉంటారు. రాత్రి కాపలా వాళ్లను మధ్యాహ్నం దాకా ఏ పనికీ పిలవకండి. నిద్రలేని మనిషిని స్టవ్ దగ్గర నిలబెడితే కాలిన చేతికి మందు వెతుక్కోవాల్సి వస్తుంది.

అపోహ: మనమంతా విశ్వాసులమే, అంగీకార పత్రాలు ఎందుకు?

ఈ ప్రశ్న వింటే ఓపిక నశిస్తుంది. అర్ధరాత్రి ఒక పిల్లవాడికి ఆయాసం వస్తే అతనికి ఏ మందు పడదో మీ విశ్వాసం చెప్పదు, కాగితం చెబుతుంది. తల్లిదండ్రుల రెండు ఫోన్ నంబర్లు, పడని ఆహారం, వాడుతున్న మందులు, అత్యవసర వైద్యానికి అనుమతి, పిల్లవాడిని తీసుకెళ్లడానికి ఎవరు రావచ్చు అన్నవి ఉండాలి. ఫొటోలకు సంతకం విడిగా తీసుకోండి. బస్సు నాయకుడి ఫోన్‌లో ఉన్న పత్రం లేనట్టే లెక్క, ఎందుకంటే బస్సుతో పాటు అదీ వెళ్లిపోతుంది. అచ్చు ప్రతి ప్రథమచికిత్స సంచిలో ఉండాలి.

"ఈ పత్రం చూసి తల్లిదండ్రులు భయపడతారేమో" అని అడిగే యూత్ లీడర్లు ఉన్నారు. వాళ్ల దిగులు అర్థమవుతుంది. కానీ భయం ఎక్కువయ్యేది ఏమీ అడగని సంఘానికి పిల్లల్ని పంపేటప్పుడే. పత్రంతో పాటు రాత్రి కాపలా ఎవరిదో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాసి పంపండి.

మిగతావి చప్పున: "పెద్ద సంఘాలకే సాధ్యం" అనడం తప్పు. నలభై మంది సభ్యులున్న సంఘం పన్నెండు మందిని ఇళ్లలో ఉంచుకోవచ్చు, లేదా ఎవరినీ ఉంచుకోకుండా ఒక పూట భోజనం మొత్తం భుజాన వేసుకోవచ్చు. "వేరే డినామినేషన్ వాళ్లు మన గొర్రెలను ఎత్తుకుపోతారు" అనేది పుకారు. బాప్తిస్మం, ప్రభువు బల్ల లాంటివి సంఘాల మధ్య ముందే మాట్లాడుకుని కార్యక్రమంలో పెట్టకుండా ఉంటే గొడవే రాదు. "వంట ముందురోజే చేసి ఉంచితే తేలిక" అనేది ప్రమాదం. వండింది రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. వేడిగా పెట్టేది 60 డిగ్రీల పైన, చల్లగా దాచేది 5 డిగ్రీల లోపు ఉండాలి.

ఆఖరి రోజు శనివారమైతే ఆదివారం ఆరాధనకు హాలు కడిగే బృందాన్ని మొదటి మీటింగ్‌లోనే వేరుగా రాసుకోండి. రాత్రి కాపలా వాళ్ల పేర్లు అందులో ఉండకూడదు. బస్సులు కదిలాక మిగిలిపోయిన దుప్పట్లు, చార్జర్లు, బైబిళ్లు వేయడానికి ఒక పెట్టె పెట్టి, దాని మీద ఎవరికి ఫోన్ చేయాలో రాయండి.